చూసిందే చెబుదాం

పిల్లవాడు కనిపించడం లేదన్న మాట పుట్టగానే మన ఊళ్ళు ముందు టార్చిలైట్లు పట్టుకుని బావుల దగ్గరికి పరుగెత్తుతాయి. కరీంనగర్ వైపైతే కాకతీయ కాలువ గట్టు వెంట తూము తూముకూ ఆగి చూస్తారు, మానేరు ఒడ్డున చెప్పుల జత కోసం వెతుకుతారు. మంచిర్యాల, ఆసిఫాబాద్ వైపైతే పత్తి చేలల్లోకి, రైలు పట్టాల వెంట పోతారు. ఆ రాత్రికి కులం గుర్తుండదు, గెట్టు పంచాయితీ గుర్తుండదు. మరునాటి కూలి వదులుకున్న వాళ్ళు, ముద్ద ముట్టని వాళ్ళు ఎందరో ఉంటారు. అలాంటి రాత్రిని చూసినవారికి మనుషుల మీద నమ్మకం పెరుగుతుంది.

మాట మారేది తర్వాత. వారాలు గడిచి, పోలీసు జీపు రావడం తగ్గాక, వెతికిన వాళ్ళే ఊహించడం మొదలుపెడతారు. చాయ్ హోటల్ బెంచీ మీద, కల్లు మండువ కాడ, పెళ్ళి పందిట్లో అదే ముచ్చట. "సవతి తల్లి గదా, గందుకే..." "తండ్రి దుబాయి నుంచి పైసలు పంపిండట..." "చిన్నాయనకు భూమి తగాదా ఉండె..." చివరికి ఎవరో ఒకరు "నిప్పు లేనిదే పొగ వస్తదా" అని తీర్పు చెప్పేస్తారు. ఆ బెంచీ మీద కూర్చున్నవారిలో చెడ్డవాళ్ళు ఉన్నారని మేం అనుకోవడం లేదు. తేలని సంగతి మనసును నిలవనివ్వదు. ఏదో ఒక కథ అల్లుకుంటే గానీ నిద్ర పట్టదు. కానీ ఆ కథ ఎప్పుడూ ఎదురు చెప్పలేని మనిషి దగ్గరే పోయి ఆగుతుంది. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఊరి బావి దగ్గరికి రావడం మానేసిందంటే, దుఃఖం వల్లనా, మన చూపుల వల్లనా?

కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్‌ను చదువుతూ పెరిగిన తరాలకు పరిశోధన అంటే ఒక ఆకర్షణ. అందులో తప్పేమీ లేదు. అయితే నవలకు ఒక కట్టుబాటు ఉంది. నేరస్తుడు మనం ముందు పేజీల్లో కలుసుకున్నవాడే అయి ఉండాలి, లేకపోతే పాఠకుడు ఊరుకోడు. నిజ జీవితానికి ఆ కట్టుబాటు లేదు. పిల్లవాణ్ణి తీసుకుపోయినవాడు మనకు ఎన్నడూ ఎదురుపడనివాడు కావచ్చు. ఎవరూ తీసుకుపోకుండా వాడే రైలెక్కి ఉండవచ్చు. మనం మాత్రం తెలిసిన ముఖాల్లోనే వెతుకుతూ ఉంటాం.

అపరిచితుడి మీదికి మళ్ళినా ఊహ మంచి చేయలేదు. 2018 మేలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని వాట్సాప్‌లో వీడియోలు తిరిగాయి. ఆ నెలలోనే నిజామాబాద్ జిల్లా భీంగల్ మండలంలో, యాదాద్రి జిల్లా బీబీనగర్ మండలంలో, హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో అనుమానంతో మనుషులను కొట్టి చంపారు. చాంద్రాయణగుట్టలో చనిపోయింది ఒక ట్రాన్స్‌జెండర్. జూలై 1న మహారాష్ట్ర ధూళే జిల్లా రైన్‌పాడాలో భిక్షాటనకు వచ్చిన అయిదుగురు సంచార జాతివాళ్ళు అదే అనుమానానికి బలయ్యారు. అప్పట్లో జోగులాంబ గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి పోలీసులను ఊరూరా తిప్పి, డప్పుతో, పాటతో ఈ వదంతులు అబద్ధమని చెప్పించారు. పాట ముందుగా చేరిన చోట ప్రాణాలు నిలిచాయి.

చదువుకున్న దేశాలూ ఇందుకు మినహాయింపు కాదు. 2013 ఏప్రిల్‌లో బోస్టన్ మారథాన్ పేలుళ్ళ తర్వాత ఇంట్లో కూర్చుని నేరస్తుణ్ణి పట్టుకోవాలనుకున్న వేలమంది ఫొటోలు పోల్చి పోల్చి ఒక పేరు తేల్చారు. ఆ పేరు అంతకు నెల ముందు ఇల్లు విడిచి కనిపించకుండాపోయిన భారతీయ మూలాలున్న ఒక విద్యార్థిది. కొడుకు కోసం వెతుక్కుంటున్న కుటుంబానికి రాత్రంతా తిట్లు, బెదిరింపులు. కొద్దిరోజులకు అతని శవం నదిలో దొరికింది. పేలుళ్ళకూ అతనికీ ఏ సంబంధమూ లేదు.

ఊహకు ఇంకో ముఖం ఉంది, దాని గురించి తక్కువ మాట్లాడుకుంటాం. ఆడపిల్ల కనబడకపోతే "ఎవరితోనో వెళ్ళిపోయి ఉంటుంది" అంటాం. ఆ ఒక్క మాటతో వెతకడం ఆగిపోతుంది. 2019 ఏప్రిల్‌లో యాదాద్రి జిల్లా హాజీపూర్‌లో ఒక విద్యార్థిని కనిపించకుండా పోయి, పాడుబడిన బావిలో శవమై దొరికింది. ఆ తర్వాత తవ్వితే అంతకుముందు నెలలో కనబడకుండా పోయిన మరో అమ్మాయి, 2015లో తప్పిపోయిన పదకొండేళ్ళ పాప కూడా అక్కడి బావుల్లోనే తేలారు. నాలుగేళ్ళు ఆ పాప ఊరి పొలిమేరలోనే ఉంది.

మరి సామాన్యుడు చేయగలిగింది ఏమీ లేదా? చాలా ఉంది. 2018 జూలై 30న యాదగిరిగుట్టలో పోలీసులు 11 మంది ఆడపిల్లలను వ్యభిచార కూపం నుంచి బయటికి తెచ్చారు. దానికి దారి చూపింది పొరుగువారు ఇచ్చిన సమాచారం. ఒక పిల్లను కొడుతున్నారని చెప్పారు, అంతే. ఎవరు, ఎందుకు అని కథ అల్లలేదు.

ఉత్తర తెలంగాణకు ఈ విషయంలో ఒక ప్రత్యేక చిక్కు ఉంది. కాజీపేట, బల్లార్ష రైలు మార్గం మన నడుమ నుంచే పోతుంది. పెద్దపల్లిలోనో మంచిర్యాలలోనో రైలెక్కిన పిల్లవాడు తెల్లారేసరికి వేరే రాష్ట్రంలో, వేరే భాషలో ఉంటాడు. ఉట్నూరు వైపు గోండి మాట్లాడే పిల్ల అక్కడి అధికారికి తన గూడెం పేరు చెబితే రాసుకునే అక్షరాలు ఎలా ఉంటాయో ఆలోచించండి. ఇటుక బట్టీల్లో పనికి వచ్చిన ఒడియా కుటుంబాల పిల్లలకు మన దగ్గర అదే ఇబ్బంది. 1986లో మధ్యప్రదేశ్‌లోని ఖండ్వాకు చెందిన అయిదేళ్ళ సరూ బుర్హాన్‌పూర్‌లో రైలెక్కి కోల్‌కతాలో తేలాడు. తన పేట గణేశ్ తలాయి పేరును సరిగా పలకలేకపోయాడు, ఎవరికీ అర్థం కాలేదు. ఆస్ట్రేలియా కుటుంబం దత్తత తీసుకుంది. పెద్దవాడయ్యాక ఉపగ్రహ చిత్రాల్లో కోల్‌కతా నుంచి రైలు పట్టాలు పట్టుకుని వెనక్కి వెతుకుతూ, గుర్తున్న నీళ్ళ ట్యాంకును పోల్చుకుని, 2011లో ఊరు కనుక్కున్నాడు. మరుసటి ఏడు తల్లిని కలిశాడు. ఆమె అన్నేళ్ళూ ఆ పేట వదిలి పోలేదు. మనసుంటే సామాన్యుడు చేసే పరిశోధన ఇలా ఉంటుంది. పట్టాలు, ట్యాంకు, వంతెన గుర్తుచేసుకున్నాడు గానీ ఎవరినీ దోషిగా నిలబెట్టలేదు.

తెలంగాణ పోలీసులు 2018లో తెచ్చిన దర్పణ్ యాప్ దేశంలోని బాలల గృహాల్లో ఉన్న పిల్లల ఫొటోలను తప్పిపోయినవారి ఫొటోలతో పోల్చి చూస్తుంది. 2015లో ఉత్తరప్రదేశ్‌లో తప్పిపోయిన ఒక అబ్బాయిని 2019లో అస్సాంలోని గోల్‌పారాలో గుర్తించింది అదే. అయితే పోల్చడానికి ఇటువైపు కూడా ఫొటో ఉండాలి. మన పేదిళ్ళలో ఉన్న ఒకే ఒక్క ఫొటో, అదీ పెళ్ళి గుంపులో తీసింది, ఫైలు దాకా చేరకుండా గోడకే ఉండిపోతుంది.

చట్టం మన వైపే ఉంది. తప్పిపోయిన పిల్లల ఫిర్యాదు వస్తే ఎఫ్ఐఆర్ నమోదు చేసి తీరాలని, అపహరణగానో అక్రమ రవాణాగానో భావించి దర్యాప్తు చేయాలని సుప్రీంకోర్టు 2013 మే 10న చెప్పింది. నాలుగు నెలల్లో ఆచూకీ దొరకకపోతే కేసు మానవ అక్రమ రవాణా నిరోధక విభాగానికి పోవాలి. 2016 అక్టోబరులో ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు విడిపోయాయి కనుక, పాత ఫిర్యాదు ఇచ్చిన కుటుంబం ఇప్పుడు ఏ జిల్లా ఆఫీసు మెట్లెక్కాలో చూసి చెప్పేవాళ్ళు కావాలి. చదువుకున్న కుర్రవాళ్ళు ఆ కుటుంబం వెంట ఒక పూట వెళ్ళివస్తే బెంచీ మీది వంద చర్చల కంటే మేలు. బాధిత పిల్లల పేరు, ఊరు, బడి వెల్లడించడాన్ని బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ నిషేధిస్తుంది, ఆరు నెలల జైలు దాకా ఉంది. ఈ జిల్లాల్లోని ఏ ఒక్క కేసునూ మేం ఇక్కడ పేరు పెట్టి రాయడం లేదు. రాస్తే ఆ ఇంటి మీద మరో చర్చ మొదలవుతుంది.

మీ ఊళ్ళో అలాంటి ఇల్లు ఉంటే ఆ తల్లిని పలకరించండి, ప్రశ్నించకండి. ఆ రోజు మీరు కంటితో చూసినది, చెవితో విన్నది ఏదైనా ఉంటే, ఆటో రంగు అయినా, ఏడుపు వినిపించిన వేళ అయినా, స్టేషన్‌కు వెళ్ళి చెప్పండి. లేదా 1098కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి. కేసు మూసేశారు కదా అని ఊరుకోవద్దు, కొత్త సమాచారం వస్తే తిరిగి తెరుస్తారు. పదేళ్ళ కిందటిదైనా సరే, చెప్పండి.