ఎరువు సొమ్ము

స్కాట్లండు దక్షిణపు అంచున, ఇంగ్లండు సరిహద్దును ఆనుకొని గ్రెట్నా అనే చిన్న ఊరు ఉన్నది. జనాభా సుమారు మూడు వేలు. దాని పక్కనున్న గ్రెట్నా గ్రీన్ పేరు లోకానికి తెలిసింది పెళ్లిళ్ల వల్ల. 1754లో ఇంగ్లండులో వివాహ చట్టం కఠినమైన నాటి నుంచి, పెద్దలు కాదన్న యువజంటలు సరిహద్దు దాటి వచ్చి, అక్కడి కమ్మరి దాగలి ఎదుట ఒక్కటయ్యేవారు. ఆ పెళ్లిళ్లలో ఎన్ని నిలిచాయో, ఎన్ని చెదిరాయో మనకు తెలియదు. ఆ ఊరి ఫుట్‌బాల్ క్లబ్బుకు, ఒక ధనవంతునికి కుదిరిన బంధం మాత్రం ఎలా ముగిసిందో తెలుసు.

గ్రెట్నా క్లబ్బు 1946లో పుట్టింది. ఇల్లు చూసి పీట వేసుకొన్నట్లు, తన స్థాయికి తగిన చిన్న పోటీలలో, కొంతకాలం ఇంగ్లండు లీగులలో ఆడుతూ కాలం గడిపింది. ఆటస్థలం పేరు రేడేల్ పార్కు. 2002లో ఏర్‌డ్రియోనియన్స్ అనే పాత క్లబ్బు అప్పులపాలై మూతపడగా, స్కాటిష్ లీగులో ఖాళీ అయిన ఆ స్థానం గ్రెట్నాకు దక్కింది. ఒకరి పతనం మరొకరికి ప్రవేశద్వారమైంది. ఆ ద్వారం వద్దనే హెచ్చరిక కూడా ఉన్నది గాని, పండుగ వేళ హెచ్చరికలను ఎవరు చదువుతారు?

ఆ తరువాత కొద్దికాలానికే బ్రూక్స్ మైల్సన్ అనే ఇంగ్లండు వ్యాపారి క్లబ్బును చేపట్టారు. నిర్మాణ రంగంలోను, బీమా వ్యాపారంలోను ధనం గడించిన మనిషి. ఆర్భాటం లేనివారు. యజమానుల కుర్చీలు వదిలి సామాన్య ప్రేక్షకుల మధ్య నిలబడి ఆట చూసేవారు. ఇంటివద్ద అనాథ జంతువులను చేరదీసి పోషించేవారు. ఇతర క్లబ్బుల అభిమాన సంఘాలకు సైతం చేయూతనిచ్చిన ఉదారుడు. దురాశాపరుడు చేసిన కీడు గురించి చెప్పడం సులభం. మంచివాని చేతి మీదుగా జరిగిన నష్టాన్ని అర్థం చేసుకోవడమే కష్టం.

డబ్బు వచ్చింది, ఆటగాళ్లు వచ్చారు. 2004-05లో నాలుగవ శ్రేణిలో 36 ఆటలకు 98 పాయింట్లు, 130 గోల్స్ సాధించి గ్రెట్నా పైకి వచ్చింది. మరుసటి ఏడు మూడవ శ్రేణిని గెలిచింది. ఆ ఏడే, 2006 మే నెలలో, స్కాటిష్ కప్పు అంతిమ పోటీకి చేరింది. మూడవ శ్రేణి క్లబ్బు ఒకటి అంత దూరం రావడం అదే మొదటిసారి. గ్లాస్గోలోని హాంప్డెన్ పార్కులో యాభై వేలకు పైగా జనం చూస్తుండగా, హార్ట్స్ అనే పెద్ద క్లబ్బుతో 1-1తో సమానంగా నిలిచి, పెనాల్టీలలో మాత్రమే ఓడిపోయింది. అందువల్ల యూరప్ పోటీలలో ఆడే అర్హత కూడా లభించింది. అక్కడ ఐర్లండుకు చెందిన డెర్రీ సిటీ చేతిలో చిత్తుగా ఓడిందనుకోండి, అది వేరే మాట. 2007 ఏప్రిల్‌లో, ఆ ఏటి చివరి ఆట చివరి నిమిషాలలో పడిన గోలుతో రెండవ శ్రేణిని కూడా గెలిచి, దేశంలోని అత్యున్నత లీగులో అడుగుపెట్టింది. మూడేళ్లలో మూడు మెట్లు!

ఇక్కడ కొంచెం ఆగి లెక్క చూడాలి. ఫుట్‌బాల్ క్లబ్బుకు న్యాయంగా వచ్చే రాబడులు నాలుగు: ప్రేక్షకులు కొనే టికెట్లు, టెలివిజన్ హక్కుల సొమ్ము, ప్రకటనకర్తల చెల్లింపులు, ఆటగాళ్లను ఇతర క్లబ్బులకు ఇచ్చినప్పుడు వచ్చే మొత్తం. ఖర్చులో సింహభాగం జీతాలు. మూడు వేల జనాభా గల ఊరిలో ఇంటిల్లిపాదీ టికెట్లు కొన్నా, అత్యున్నత లీగు ఆటగాళ్ల జీతాలకు చాలదు. ఆ అగాధాన్ని ప్రతి నెలా ఒకే ఒక వ్యక్తి తన జేబులో నుంచి పూడ్చేవారు. అంటే క్లబ్బు ఆయుర్దాయం ఆయన ఆరోగ్యంతో ముడిపడిపోయింది. ఆ ఆరోగ్యమా, మొదటి నుంచీ అంతంతమాత్రమే.

పై లీగులో చేరిన సంతోషం ఊరిలో నిలువలేదు. ఆ లీగు నిబంధన ప్రకారం మైదానంలో ఆరు వేల ఆసనాలు ఉండాలి. రేడేల్ పార్కుకు ఆ సామర్థ్యం లేదు. అందువల్ల గ్రెట్నా తన 'సొంత' ఆటలను సుమారు 120 కిలోమీటర్ల దూరాన ఉన్న మదర్‌వెల్ పట్టణంలో, పరాయి మైదానంలో ఆడవలసి వచ్చింది. పెళ్లి మనదే, పందిరి మాత్రం పొరుగూరిలో వేసినట్లు! 2008 ఏప్రిల్‌లో అక్కడ ఇన్వర్‌నెస్ జట్టుతో జరిగిన ఒక ఆటకు హాజరైనవారు 431 మంది. రెండేళ్ల క్రితం యాభై వేల మంది చూసిన జట్టే అది.

అప్పటికే కథ ముగింపుకు వచ్చింది. 2008 ఫిబ్రవరిలో మైల్సన్ తీవ్రంగా జబ్బుపడ్డారు. డబ్బు ఆగింది. జీతాలు నిలిచిపోయాయి. మార్చిలో క్లబ్బు దివాలా పాలకుల చేతికి వెళ్లింది, శిక్షగా పది పాయింట్లు కోల్పోయింది. లీగు నిర్వాహకులు కొంత సొమ్ము సర్దితే గాని మిగిలిన ఆటలు పూర్తికాలేదు. తేలిన అప్పు దాదాపు 40 లక్షల పౌండ్లు. మే నెలలో తన ఆఖరి ఆటలో గ్రెట్నా ఓడించినది ఎవరినో తెలుసా? హాంప్డెన్‌లో తనను ఓడించిన ఆ హార్ట్స్‌నే. గెలిచి ప్రయోజనమేమి? మైదానం ఊడ్చేవారితో సహా సిబ్బందినంతటినీ తొలగించారు. జూన్‌లో క్లబ్బు లీగు సభ్యత్వాన్ని వదులుకొన్నది, ఆగస్టులో రద్దయింది. నవంబరులో మైల్సన్ మరణించారు.

"ఒక్కసారైనా హాంప్డెన్ చూశాం కదా, అది చాలు" అనేవారు ఉండవచ్చు. ఆ మాటను నేను తేలికగా కొట్టివేయలేను. ఊరిలో ఒక ముసలాయన తన మనుమని చేయి పట్టుకొని ఆ నాడు గ్లాస్గోకు వెళ్లి ఉంటే, ఆ దినానికి వెల కట్టగలవారెవరు? కాని ఆ దినం కోసం పణంగా పెట్టినది ఆ ఏడాది ఆదాయాన్ని కాదు, తాతలు నిలబెట్టి మనుమలకు అప్పగించవలసిన క్లబ్బునే. ఎరువు సొమ్ము బరువు చేటు అని మనవారు ఊరకనే అనలేదు. మైల్సన్ తన ధనంతో మైదానాన్ని విస్తరింపజేసి, ఊరి పిల్లలకు శిక్షణశాల ఏర్పరచి, కొంత మూలధనాన్ని క్లబ్బు పేర నిలువ ఉంచి, రెండవ మెట్టు దగ్గరనే ఆగి ఉంటే, ఆయన తరువాత కూడా క్లబ్బు నిలిచేదని నా అభిప్రాయం. ఆయనను ఆగమని చెప్పగల అధికారం ఎవరికీ లేకపోవడమే అసలు లోపం. అభిమానులు చప్పట్లు కొట్టారు. లీగువారు ఆసనాలు లెక్కించారు గాని, ఆదాయ మార్గం ఏమిటని నిలదీయలేదు.

ఇది ఎక్కడో సముద్రాల అవతలి కథ అని మనం సరిపెట్టుకోవడానికి వీలులేదు. 2019లో పుణె క్లబ్బు మూతపడగా దాని స్థానంలో హైదరాబాద్ ఎఫ్.సి. అవతరించింది. 2022 మార్చిలో కేరళ జట్టును పెనాల్టీలలో ఓడించి ఇండియన్ సూపర్ లీగు విజేతగా నిలిచింది. రెండేళ్లు తిరగకముందే జీతాల బకాయిలతో విదేశీ ఆటగాళ్లు వెళ్లిపోయారు, కొత్తవారిని చేర్చుకోరాదని నిషేధం పడింది. 2023-24లో ఒకే ఒక గెలుపుతో ఆ జట్టు అట్టడుగున మిగిలింది. తరువాత యాజమాన్యం మారింది. 2025లో క్లబ్బు ఢిల్లీకి తరలిపోయి, పేరు కూడా మార్చుకొన్నది. 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టును చూసి గర్వించిన నగరం ఇది. ఆ ఆటగాళ్లకు ఉద్యోగం ఉండేది, నెల తిరిగేసరికి జీతం ఉండేది.

ఇంగ్లండులో మాత్రం కొంత మేలుకొన్నారు. 1885లో స్థాపితమై, రెండుసార్లు ఎఫ్.ఏ. కప్పు గెలిచిన బరీ క్లబ్బును 2019లో ఆర్థిక కారణాలతో లీగు నుంచి వెలివేయవలసి రావడం అక్కడివారిని కలచివేసింది. 2025లో చేసిన చట్టంతో క్లబ్బుల ఆర్థిక స్థితిని, యజమానుల యోగ్యతను పరిశీలించే స్వతంత్ర నియంత్రణ సంస్థ ఏర్పడింది. ఆ చట్టం సరిహద్దుకు అవతలనున్న గ్రెట్నాకు వర్తించదు.

గ్రెట్నావారు ఎవరి కోసమూ ఎదురుచూడలేదు. పాత క్లబ్బు పోయిన ఏడే అభిమానులు కూడబలుక్కొని 'గ్రెట్నా 2008' పేర మరో క్లబ్బు పెట్టుకొన్నారు. మొదట పొరుగూరైన ఆనన్‌లో ఆడి, తరువాత రేడేల్ పార్కుకే తిరిగి వచ్చారు. లీగులో గ్రెట్నా ఖాళీచేసిన స్థానం దక్కింది ఎవరికనుకొన్నారు? ఆ ఆనన్ క్లబ్బుకే.