మంచు గట్టున పరుగుకి ఏ ప్యాంటు?

ధనుర్మాసం తెల్లవారుజాము. కొల్లేరు వైపు చెరువుగట్ల మీద మంచు తెరలా దిగి ఉంటుంది. ఆ చీకట్లోనే కుర్రాళ్లు పరుగు మొదలెట్టేస్తారు. కానిస్టేబుల్ కావాలంటే మగపిల్లలు 1600 మీటర్లు 8 నిమిషాల్లో, ఆడపిల్లలు పదిన్నర నిమిషాల్లో పూర్తిచేయాలి మరి!

మా మేనల్లుడూ ఆ గుంపులో ఒకడు. ప్రాక్టీసు మంచి ఊపు మీదుండగా మంచం ఎక్కాడు. 'కాలు బెణికిందేంట్రా?' అంటే, 'కాదు మావయ్యా' అని సిగ్గుపడ్డాడు. తొడలు ఒరుసుకుపోయి నడవలేకపోతున్నాడు. పది రోజుల సాధన పోయింది.

తప్పంతా వాడి మందపాటి నూలు ట్రాక్‌ప్యాంటుది. గట్టు మీద గడ్డి మంచుకి తడిసి ఉంటుంది. కింద నుంచి ఆ తడి, పైనుంచి చెమట. నూలు రెండింటినీ పీల్చుకుని బరువెక్కుతుంది, ఒంటికి అతుక్కుని అడుగడుక్కీ రుద్దుతుంది. మామూలు గాల్లోనే నూలు తన బరువులో 7-8 శాతం తేమ పట్టుకుంటే, పాలిస్టర్ పట్టుకునేది అరశాతం లోపే. 'నూలుబట్టే ఒంటికి మంచిది' అని పెద్దలు చెప్పింది అబద్ధం కాదు. కాకపోతే వాళ్లు చెప్పింది వీధరుగు మీద కూర్చునేవాళ్లకి!

కాబట్టి పాలిస్టర్ గానీ, నైలాన్ గానీ, అందులో కాస్త సాగే దారం (లేబుల్ మీద స్పాండెక్స్ లేదా ఎలాస్టేన్ అని ఉంటుంది) కలిసినది తీసుకోండి. లోపల ఉన్నిలాంటి పొర ఉన్నవి చూసి మురిసిపోకండి. అవి ఢిల్లీ చలికి. ఏలూరులో శీతకాలం వేకువన 20 డిగ్రీలకు కాస్త అటూ ఇటూ ఉంటుందంతే. మొదటి అయిదు నిమిషాలు కొంచెం చలిగా అనిపించిందంటే బట్ట సరిపోయినట్టే.

కొట్టులో అద్దం ముందు నిలబడితే చాలదు. గొంతుక్కూర్చోండి, మోకాలు ఛాతీ దాకా లేపండి. నడుం జారకూడదు, తొడ దగ్గర పట్టకూడదు. ప్యాంటు తిరగేసి కుట్లు తడిమి చూడండి. లావుగా చేతికి తగిలే కుట్టు రేపు తొడకీ తగులుతుంది.

తాడేపల్లిగూడెంలో రెండో ప్రపంచయుద్ధం నాటి రన్‌వే ఉందే, అలాంటి చదును నేల మీదైతే నిక్కరు చాలు. గట్ల మీద మాత్రం పల్లేరుకాయలు, సర్కారుతుమ్మ ముళ్లు. చీలమండ దాకా ఉండి, అక్కడ ఇరుకైనదే మేలు. మరీ ఒంటికి అంటుకున్నవి వేసుకోవడానికి ఆడపిల్లలు మొహమాటపడితే పైన వదులు నిక్కరో, మోకాళ్ల దాకా టాపో వేసుకోవచ్చు. పరుగేమీ తగ్గదు.

కైకలూరు రోడ్డెక్కేవాళ్లు వెలుగు పడితే మెరిసే పట్టీ ఉన్నది చూసుకోండి. మంచులో చేపల లారీ డ్రైవరుకి నల్లప్యాంటు కనపడదు. ఇంటికి రాగానే తడిబట్ట విప్పేయండి. అలాగే టిఫినుకి కూర్చుంటే గజ్జల్లో తామర పట్టుకుంటుంది. ఒరుసుకునే చోట బయల్దేరే ముందే కాస్త వాజలిన్ రాస్తే సరి.

అన్నట్టు, జేబుకి జిప్పు ఉండాలి. మావాడి పాత ఫోను ఇప్పటికీ ఏదో చేపల చెరువు అడుగునే ఉంది.