మూసినవారి బాకీ

మహమ్మారి వెడలిపోయినది గదా, మానిన పుండును మరల రేపనేల యని కొందరు పెద్దలు మమ్ము మందలించుచున్నారు. వ్యాధి తగ్గినమాట నిజమే. కాని ఆనాడు తలుపులు మూయించినవారు ప్రజలకు పడిన బాకీ తీరలేదు. బాకీ తీరకుండ ఖాతా మూయుట వ్యాపారధర్మము గాదు. రాజధర్మము అంతకంటెను గాదు.

2020 మార్చి 24వ తేదీ రాత్రి ఎనిమిది గంటలకు ప్రధానమంత్రిగారు ప్రసంగించిరి. అర్ధరాత్రికి దేశమంతయు మూతపడెను. నాలుగు గంటల గడువు! నెలబాడుగకున్న వానిని ఖాళీ చేయింపవలెనన్నను పదునైదు దినముల నోటీసు కావలెనని మేము కోర్టులలో దినదినము వాదించుచున్నాము.

మూయుటయే తప్పని మేమనము. తెలియని జాడ్యము ముంచుకొనివచ్చినపుడు జనసమ్మర్దమును కొంతకాలమాపి, ఆసుపత్రులను సిద్ధపరచుకొనుట వివేకమే. 2021 ఏప్రిల్, మే నెలలలో ప్రాణవాయువునకై బంధువులు పరుగులిడుట కన్నవారెవ్వరును దీనిని కాదనజాలరు. ఆ మూత బరువును ఎవరి నెత్తిన బెట్టిరన్నదే మా ప్రశ్న.

మన టోలిచౌకినే చూడుడు. ఎగువన జూబిలీహిల్సు, ఫిలింనగరు. దిగువన ఇరుకుగదులలో పరరాష్ట్రములనుండి వచ్చిన కట్టడపు కూలీలు. ఎగువ బంగళాలవారికి మూత విశ్రాంతి, దిగువవారికది పస్తు. (ఫిలింనగరులోను దినకూలీలు లేకపోలేదు. చిరంజీవిగారు మొదలగు నటులు చందాలు పోగుచేసి వారికి సరుకులు పంచిరి. మెచ్చదగినదే, కాని నటుల దయ హక్కునకు బదులు గాదు.) తెలంగాణ ప్రభుత్వమువారు వలసకూలికి తలకు 12 కిలోల బియ్యమో పిండియో, 500 రూపాయలును ఇచ్చెదమనిరి. ఇయ్యకుండుటకంటె మేలే. ఆ దినములలో సంచులు మోసిన వాలంటీర్లలో మేమును ఉంటిమి. ఒక గదిలో తొమ్మండుగురు. అందొకడు, "బియ్యము సరే, అద్దె మాటేమి?" అనెను. మాయొద్ద జవాబు లేకపోయెను. మనిషికి మనిషికి దూరము పాటింపుడను కాగితమును ఆ గదిగోడకే అంటించి వచ్చితిమి. తలచుకొన్న నేటికిని సిగ్గగుచున్నది.

మే మాసారంభమున ఆ కూలీలు వందలకొలదిగ టోలిచౌకి వీథిలోనికి వచ్చి, తమ్ము స్వగ్రామములకు పంపుడని మొరపెట్టిరి. వారిని శాంతిభంగకరులనవచ్చునా? లింగంపల్లినుండి హటియాకు, రమారమి 1200 మందితో, మొదటి శ్రామిక రైలు కదలినది మే 1వ తేదీన. మూతపడిన ముప్పదియెనిమిదవ దినమున సాధ్యమైనది, మూయుటకు ముందొక వారము గడువిచ్చి చేసినచో, రోగమింకను పలుచగ నున్నపుడే జరిగియుండెడిది గదా!

ఇంత చేయుటకు ప్రభుత్వములు చేపట్టిన శాసనములలో నొకటి 1897 నాటి అంటువ్యాధుల చట్టము. ప్లేగు దినములలో ఆంగ్లేయులు చేసినది. పూనాలో ప్లేగు సోదాల దౌర్జన్యమును తన పత్రికలో ఖండించుచుండిన తిలకుగారిపై ఆ యేడే రాజద్రోహము మోపి చెరకంపిరి. పట్టుమని పది సెక్షన్లు లేని ఆ చట్టమున ఆజ్ఞ మీరినవానికి శిక్ష కలదు. సద్బుద్ధితో చేసితినను అధికారిపై దావా లేదను రక్షయు కలదు. ఇల్లు కదలరాదన్న వానికి అన్నము పెట్టవలెనను అక్షరమొక్కటియు లేదు.

టీకాల విషయమునను ఇదే తీరు. జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్‌వారు భారత వైద్యపరిశోధన మండలితో గూడి కోవాక్సిన్ చేసిరి. మన నగరపు పొలిమేరలోనే పుట్టినదని గర్వించినవారిలో మేమొకరము. కాని 2021 జనవరి 3వ తేదీన అనుమతి యిచ్చునాటికి మూడవ దశ పరీక్షాఫలము వెలువడలేదు. తొలినాళ్లలో దానిని వేయించుకొనువారు సమ్మతిపత్రముపై వ్రాలు చేయవలసివచ్చెను. రెండు టీకాలలో తమకేది కావలెనో కోరుకొను స్వేచ్ఛయు లేదు. సంశయించినవారికి మాత్రము మూఢులను బిరుదు! పిదప 25,800 మందిపై జరిపిన పరీక్షలో, లక్షణములు గల వ్యాధినుండి 77.8 శాతము రక్షణ యని తేలినది. టీకా మాట నిలిచినది; ఫలము రాకముందే ఇంకేల సందేహమనినవారి మాటపై మాత్రము జనులకు గురి తప్పెను. మేము టీకా వేయించుకొంటిమి. మా తల్లిగారికిని వేయించితిమి. కాగితములు చూపి, లేనిది లేదని చెప్పియుండినచో మా వీథిలో ఇంకను పలువురు మాతో వరుసలో నిలిచియుండెడివారు.

ఒకనికి బలవంతముగా టీకా వేయరాదనియు, దుష్ఫలితముల వివరములను ప్రజలముందుంచవలెననియు సుప్రీముకోర్టువారు 2022 మే 2న తీర్పు చెప్పిరి. టీకావిధానమును మాత్రము తప్పుపట్టలేదు. 2024లో లా కమిషనువారును పై పాతచట్టమున లోపములున్నవని నివేదించిరి. కొత్త శాసనమును వ్రాయబూనువారు తమ అధికారములను గూర్చిన సెక్షన్లకు ముందు, గడువెంత, గ్రాసమెంత, మూసిన దినములకు అద్దె యెవరు కట్టవలెను అనువానిని వ్రాయవలెను. టోలిచౌకి గదిలో ఆనాడు మమ్ము ప్రశ్నించినవానికి ఆ జవాబు ఇంకను రావలసియున్నది.