డేగ కడుపున పుట్టిన గుర్రం

2016లో ఫోర్డ్ మస్టాంగ్ మన దేశంలోకి దిగినప్పుడు దాని ధర 65 లక్షలు, అదీ ఎక్స్‌షోరూమ్. ఆ సొమ్ముతో ఊళ్లో ఇల్లు కట్టుకోవచ్చు కదా అన్నాడు మా మిత్రుడొకడు. నాకు మాత్రం నవ్వొచ్చింది. ఆ బండి పుట్టిందే నెల జీతగాళ్ల కోసం మరి!

1964 ఏప్రిల్ 17న న్యూయార్క్ వరల్డ్స్ ఫెయిర్‌లో దాన్ని బయటపెట్టినప్పుడు మొదలు ధర 2,368 డాలర్లు. తొలిరోజే 22 వేల ఆర్డర్లు. ఏడాదికి లక్ష పోతే చాలనుకున్న కంపెనీ నాలుగు లక్షలకు పైనే అమ్ముకుంది.

ఇందులో కిటుకేమిటంటే, ఫోర్డ్‌లో దీన్ని తయారుచేయించిన అధికారి లీ అయకోకా, ఆయన బృందం కొత్త కారేమీ కనిపెట్టలేదు. ఫాల్కన్ అని ఫోర్డ్‌వాళ్లదే ఒక చవక కారుండేది. ఫాల్కన్ అంటే డేగ. పేరే గానీ చూపులో పిచ్చుక. పొదుపైనది, బుద్ధిమంతురాలు, రెండోసారి ఎవరూ తిరిగి చూడరు. దాని అడుగుభాగం, సస్పెన్షన్, ఇంజన్ తీసుకుని పైన కొత్త ఒళ్లు తొడిగారు. పొడవాటి బానెట్, పొట్టి వెనకభాగం, ముందు జాలీలో పరుగెత్తే గుర్రం బొమ్మ, లోపల విడివిడి బకెట్ సీట్లు, కింద కార్పెట్. మామూలు రకంలో ఆరు సిలిండర్ల ఇంజన్, 101 హార్స్‌పవర్. చూపుకి అడవి గుర్రం, పరుగుకి జట్కా గుర్రం!

అయినా కొన్నారు. టైపిస్టమ్మాయి ఆ 101తోనే ఆఫీసుకెళ్లింది. వేగం కావాలన్నవాడు వీ8 ఇంజన్ వేయించుకున్నాడు. రేడియోకి కూడా విడిగా డబ్బు కట్టాల్సిందే. సాదా దోశ చెప్పి, మీద నెయ్యి, ఉల్లిపాయలు, కారప్పొడి ఒక్కొక్కటే వేయించుకున్నట్టు. బిల్లు ఎక్కడ ఆగాలో తినేవాడి జేబు చెబుతుంది. వెనక సీటు ఇరుకు, డిక్కీ చిన్నది. ఆ సంగతి కొన్నవాళ్లకు తెలియక కాదు.

1974 మస్టాంగ్‌ను అభిమానులు ఇప్పటికీ తిడతారు. అది పింటో అనే చిన్న కారు భాగాలతో తయారైంది, ఆ ఏడాది వీ8 అసలు ఇవ్వనేలేదు. నేనైతే దాని పక్షమే. చమురు కరువులో బంకుల ముందు బారులు తీరిన అమెరికాలో అది 3 లక్షల 85 వేలకు పైగా అమ్ముడుపోయింది. జేబుకు తగ్గ సోకు అన్న పుట్టుక లక్షణాన్ని నిలబెట్టింది అదే. 65 లక్షల బండికి ఆ లక్షణం లేదు.

మన కంపెనీల దగ్గర చవక కార్ల పునాదులు బోలెడున్నాయి. వాటి మీద ఎస్‌యూవీలు కడుతున్నారు, పైకప్పు వెనక్కి కాస్త వంచి కూపే అంటున్నారు. అయ్యా, ఏదో ఒక హ్యాచ్‌బ్యాక్ మీద రెండే తలుపులతో, పది లక్షల లోపు ఒకటి చేసి చూడండి. మైలేజీ ఎంతని నేను అడగను.

– బాటసారి