ఇంటి తాళాలు మన దగ్గరే, నెట్ తాళం మాత్రం ఎవరి దగ్గరో

గ్యాస్ అయిపోతే ఏం చేయాలో మనకు తెలుసు. ఫ్యూజు పోతే తెలుసు. నల్లా రాకపోతే ముందు పక్కింటి వాళ్లను అడగాలని, వాళ్లకు వస్తుంటే మన గేట్‌వాల్వు చూసుకోవాలని తెలుసు. కానీ ఇంట్లో పాత కంప్యూటర్‌కు నెట్ రాకపోతే మాత్రం మనలో చాలామందిమి చేసే మొదటి పని ఒక్కటే. ఫోన్ తీసి, ఇంట్లో లేని మనిషికి చేస్తాం.

ఈ అలవాటు మారాలని నా అభిప్రాయం. నెట్ సెట్టింగులు తెలిసి ఉండాల్సింది బయట ఉండే మనిషికి కాదు, ఇంట్లో ఉండే మనిషికి.

మా దిక్కు సంగతి మీకు తెలియంది కాదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పక్క ఊళ్లలో ఎన్నో ఇండ్లలో మగవాళ్లు గల్ఫ్‌లో ఉంటారు. మిగిలినవాళ్లు సాంచాల మీదనో, హైదరాబాద్‌లోనో ఉంటారు. కంప్యూటర్ కొన్నది వాళ్లే, రూటర్ పెట్టించింది వాళ్లే, పాస్‌వర్డ్ పెట్టింది కూడా వాళ్లే. కోరుట్లలో ఉండే మా చెల్లెకు ఇక్కడ పొద్దున పదింటికి నెట్ ఆగిందనుకోండి, దుబాయ్‌లో అప్పుడు ఎనిమిదిన్నర. మరిది పనిలో ఉంటాడు. అతను రాత్రి రూముకు చేరి ఫోన్ చేసేదాకా పిల్ల ఎప్‌సెట్ దరఖాస్తు ఆగాలి, స్కాలర్‌షిప్ ఫారం ఆగాలి. ఆ రోజే ఆఖరి తారీకైతే ఇగ ఉరుకులే. మా ఎల్లంతకుంట నుంచి సిరిసిల్లకు బస్సులో ఆడవాళ్లకు టికెట్ లేదు, నిజమే. కానీ ఒక పూట పోతుంది కదా. దాని లెక్క ఎవరు కడతారు?

“పాతదైపోయింది, తీసెయ్యిండ్రి అక్కా” అనేవాళ్లే ఎక్కువ. అమ్మేటోళ్లు అట్లాగే అంటారు. కానీ పాత కంప్యూటర్‌కు నెట్ రానప్పుడు చాలాసార్లు కారణం దాని వయసు కాదు. ఎప్పుడో ఎవరో మార్చి మరిచిపోయిన సెట్టింగు అయి ఉంటుంది, లేదంటే చిన్న సెల్ అయి ఉంటుంది. నల్లా చూసినట్టే వరుసగా చూసుకుంటూ పోతే దొరుకుతుంది.

మొదటిది పక్కింటి వాళ్లను అడగడం లాంటిది. ఫోన్‌లో మొబైల్ డేటా ఆపేసి, వైఫై మీద ఏదైనా తెరిచి చూడండి. డేటా ఆపకుండా చూస్తే ఫోన్ తన సొంత నెట్ వాడుకుని మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. ఫోన్‌లో కూడా రాకపోతే తప్పు కంప్యూటర్‌ది కాదు, రూటర్‌దో లైనుదో. రూటర్ స్విచ్చు ఆపి, అర నిమిషం ఆగి మళ్లీ వేసి, రెండు మూడు నిమిషాలు చూడండి. అప్పటికీ ఎర్ర లైటు పోకపోతే కనెక్షన్ ఇచ్చినవాళ్లకు చెప్పాలి. ఫోన్‌లో వస్తూ కంప్యూటర్‌లో రాకపోతేనే కంప్యూటర్ దగ్గర కూర్చోవాలి.

రెండోది, తెర మూలన ఉండే తారీకు. దీన్ని ఎవరూ పట్టించుకోరు. మందు సీసా మీద తయారైన తేదీ, గడువు తేదీ ఉన్నట్టే, తాళం గుర్తుతో తెరుచుకునే ప్రతి సైటుకూ ఒక ధ్రువపత్రం ఉంటుంది, దానికీ మొదలు, గడువు ఉంటాయి. కంప్యూటర్ తాను 2009లో ఉన్నాననుకుంటే, ఆ పత్రం ఇంకా మొదలే కాలేదని సైటు తెరవనివ్వదు. ‘మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు’ అని భయపెడుతుంది. మా ఇంట్లో కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఇదే జరిగేది. బాగుచేసే ఒకాయన చూసి బోర్డు పోయింది, కొత్తది కొనుక్కోండి అన్నాడు. పోయింది బోర్డు కాదు, దాని మీద ఉండే రూపాయి బిళ్లంత సెల్. సీఆర్2032 అంటారు, మూడు వోల్టులది, గడియారాల షాపులో కూడా దొరుకుతుంది. కరెంటు లేనప్పుడు తారీకు గుర్తుంచుకునేది అదే. ప్లగ్గు పూర్తిగా తీసేసి సెల్ మార్చి, తారీకు, టైము సరిచేస్తే కంప్యూటర్ ఎప్పటిలా పనిచేసింది.

తారీకు సరిగ్గా ఉన్నా కొన్ని సైట్లు మాత్రమే తెరుచుకోకపోతే, కంప్యూటర్‌లో ఉన్న మూల ధ్రువపత్రాలు పాతబడ్డాయేమో చూడాలి. 2021 సెప్టెంబర్ 30న అటువంటి మూల పత్రం ఒకదాని గడువు ముగిసినప్పుడు ప్రపంచమంతటా పాత కంప్యూటర్లలో, ఫోన్లలో కొన్ని సైట్లు ఆగిపోయాయి. అంటే ఇది మన ఇంటి దరిద్రమేమీ కాదు.

మూడోది, అడ్రస్. కీబోర్డులో విండోస్ గుర్తున్న మీట, ఆర్ అక్షరం మీట కలిపి నొక్కితే చిన్న పెట్టె వస్తుంది. అందులో ఇంగ్లిషులో సీఎండీ అని కొట్టి ఎంటర్ నొక్కితే నల్ల తెర వస్తుంది. అక్కడ ఐపీకాన్ఫిగ్ అని కొడితే కొన్ని అంకెలు కనిపిస్తాయి. ఐపీవీ4 అడ్రస్ అన్న దగ్గర చూడండి. రూటర్ అనేది ఇంట్లోని ప్రతి ఫోన్‌కూ, కంప్యూటర్‌కూ ఒక ఇంటి నంబరు ఇస్తుంది. మామూలుగా అది 192.168తో మొదలవుతుంది. 169.254తో మొదలైతే, కంప్యూటర్ అడిగింది గానీ రూటర్ నంబరు ఇవ్వలేదని అర్థం. అప్పుడు వైరు సరిగ్గా దిగిందా, వైఫై పాస్‌వర్డ్ మారిందా చూడాలి.

పాత కంప్యూటర్లలో ఇంకో చిక్కు ఉంటుంది. ఏడెనిమిదేళ్ల కింద కనెక్షన్ పెట్టినాయన ఈ నంబరును చేత్తో రాసి పెట్టి ఉంటాడు. తర్వాత రూటర్ మారింది. పాత రూటర్ నంబరు 192.168.1.1 అయితే కొత్తదాని నంబరు 192.168.0.1 కావచ్చు. కంప్యూటర్ మాత్రం పాత వీధి నంబరు పట్టుకుని కూర్చుంటుంది. కంట్రోల్ ప్యానెల్‌లో నెట్‌వర్క్ కనెక్షన్ మీద కుడి క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో ఐపీవీ4 తెరిచి, అడ్రస్‌నూ డీఎన్ఎస్‌నూ ‘ఆటోమేటిక్‌గా తీసుకో’ అన్న దానికి మారిస్తే చాలు. మార్చే ముందు అక్కడున్న అంకెలను ఫోన్‌తో ఫొటో తీసుకోండి. తేడా వస్తే మళ్లీ అట్లాగే పెట్టుకోవచ్చు.

నాలుగోది, ఫోన్‌లో కనిపించే వైఫై పేరు కంప్యూటర్‌లో కనిపించకపోవడం. కొత్త రూటర్లు 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు బాటల్లో నెట్ ఇస్తాయి. పాత కంప్యూటర్లలో చాలావాటికి మొదటి బాట మాత్రమే తెలుసు. రూటర్‌లో అది ఆపేసి ఉంటే తెరిపించుకోండి, లేకపోతే వైరుతో కలపండి. వైరుకు ఈ బాటల గొడవ ఉండదు.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా దుబాయ్‌కి వాట్సాప్ కాల్ కలవకపోతే కంప్యూటర్‌ను తిట్టకండి. ఆ దేశంలో వాట్సాప్ కాల్స్ మీద ఆంక్ష ఉంది, అనుమతి ఉన్న యాప్‌లలోనే మాట్లాడాలి. మెసేజ్ పోతుంది, కాల్ పోదు. ఇది తెలియక రూటర్ మార్పించుకునేవాళ్లు కూడా ఉంటారు.

పాతదాన్ని నెత్తిన పెట్టుకోమని నేను అనడం లేదు. విండోస్ 7కు కంపెనీ 2020 జనవరి 14తోనే రక్షణ అప్‌డేట్లు ఆపేసింది. విండోస్ 10కు కూడా 2025 అక్టోబర్ 14తో మామూలు గడువు ముగిసింది. అటువంటి దాంట్లో పిల్లల పాఠాలు చూడవచ్చు, బ్లౌజుల లెక్కలు రాసుకోవచ్చు. బ్యాంకు పని మాత్రం వద్దు. సెట్టింగులు ఎంత సరిచేసినా గడువు దాటిన తలుపుకు గట్టి గొళ్లెం రాదు.

తెలియకపోతే జరిగే నష్టం పూట పనితో ఆగదు కూడా. “మేడమ్, మీ నెట్ స్లోగా ఉంది, ఒక యాప్ వేసుకోండి, ఇక్కడి నుంచే బాగుచేస్తాం” అని ఫోన్లు చేసే మోసగాళ్లున్నారు. ఆ యాప్ వేసుకుంటే మన తెర వాళ్ల చేతికి పోతుంది. తప్పు ఎక్కడుందో వరుసగా చూసుకోవడం వచ్చిన మనిషి ఆ మాటకు అంత తొందరగా పడదు. ఎవరైనా పడి డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి, ఆలస్యమైనకొద్దీ డబ్బు దొరకడం కష్టమవుతుంది.

జగిత్యాలలో ఉండే మా వదిన ఇదంతా విని ఒక మాట అడిగింది. “వంట మనదే, పిల్లలు మనమే, అత్తమ్మ మందులు మనమే. ఇగ నెట్ పని గూడ మన నెత్తినే వేస్తవా?” న్యాయమైన మాటే. కానీ ఆ పని ఇప్పుడు ఎవరి నెత్తిన ఉంది? దుబాయ్‌కి ఫోన్ చేసేది మనమే, మెకానిక్ కోసం ఎదురుచూసేది మనమే, “అమ్మా, ఇంకా రాలేదా” అనే పిల్లకు జవాబు చెప్పేదీ మనమే. పని మన దగ్గరే ఉంది, చేతిలో ఉండాల్సిన తాళం మాత్రం మన దగ్గర లేదు. తాళం మన దగ్గరికొస్తే పని పెరగదు, ఎదురుచూపు తగ్గుతుంది. పదో తరగతి పిల్లవాడికీ పిల్లకూ ఇద్దరికీ నేర్పిస్తే ఇంకా తగ్గుతుంది. పిల్లవాడికొక్కడికే నేర్పిస్తే మళ్లీ మొదటికే వస్తాం.

అందుకని ఇంటి పెద్దలకు, బయట దేశాల్లో ఉన్న తమ్ముళ్లకు, మరుదులకు ఒక మాట. బీరువా తాళం ఇచ్చి వెళ్లినవాళ్లు రూటర్ పాస్‌వర్డ్ కూడా ఇచ్చి వెళ్లండి. “నీకేం అర్థమైతది” అనే ముందు, అర్థమయ్యేలా ఒక్కసారైనా చెప్పారా అని చూసుకోండి.

మనం చేయాల్సింది కూడా ఒకటుంది. పాలవాడి లెక్క రాసుకునే నోటుబుక్కులోనే ఒక పేజీ తీయండి. వైఫై పేరు, దాని పాస్‌వర్డ్, రూటర్ లోపలికి పోయే పాస్‌వర్డ్, రూటర్ నంబరు, కనెక్షన్ ఇచ్చినవాళ్ల ఫోన్ నంబరు, ఈ ఐదూ రాసి బీరువాలో పెట్టండి. నెట్ బాగా వస్తున్న రోజునే రాయండి. ఆగిపోయిన రోజున అడగడానికి ఇంట్లో ఎవరూ ఉండరు.