మైనస్ ఆరు దాటిన వాళ్లకి ఒక మాట

2020 జనవరిలో మా మడికొండలో టెక్ మహీంద్రా, సయెంట్ కేంద్రాలు మొదలయ్యాక, హైదరాబాదు బస్సెక్కకుండానే ఐటీ ఉద్యోగం చేసే అవకాశం కొంతమందికైనా దొరికింది. సంతోషం. అయితే మడికొండయినా, హైటెక్ సిటీ అయినా, ఏ ఐటీ ఆఫీసులో చూసినా సోడాబుడ్డి కళ్లద్దాల వాళ్లు నలుగురు కనిపిస్తారు. ఈ నాలుగు మాటలు వాళ్ల కోసమే. నేనూ ఆ జాబితాలో వాణ్ణే, నా పవరు మైనస్ ఎనిమిది.

మనలో ఒక గట్టి నమ్మకం ఉంది. అద్దాలు పెట్టుకుని చార్టులో ఆఖరి లైను చదివేస్తే కళ్లు బాగున్నట్టే అని. లాసిక్ చేయించుకుంటే ఇక ఆ గొడవే ఉండదని. నేనైతే ఒప్పుకోను.

మామూలుగా పెద్దవాళ్ల కనుగుడ్డు ముందు నుంచి వెనక్కి సుమారు 24 మిల్లీమీటర్లు ఉంటుంది. మైనస్ ఆరు దాటిన కళ్లలో చాలావరకు 26 దాటుతుంది. రెండు మిల్లీమీటర్లే కదా అనకండి. గుడ్డు సాగినకొద్దీ లోపలి రెటీనా పొర కూడా సాగి పల్చబడుతుంది. దానికి చిరుగులు పడొచ్చు, ఊడి రావచ్చు, మధ్యభాగం దెబ్బతినొచ్చు. గ్లాకోమా, త్వరగా వచ్చే శుక్లాల ముప్పు కూడా ఎక్కువే. అందరికీ ఇలా అవుతుందని కాదు, అవకాశం ఎక్కువని. అద్దాలు వెలుతురు సరైన చోట పడేలా చేస్తాయి, అంతే. లాసిక్ చెక్కేది ముందున్న కార్నియాని. సాగిన గుడ్డు సాగినట్టే ఉంటుంది. మన భాషలో చెప్పాలంటే స్క్రీను బాగుచేశాం, డేటాబేసు జోలికే పోలేదు!

నేను పనిచేసిన కంపెనీలన్నిట్లో ఏడాదికోసారి హెల్త్ చెకప్ ఉండేది. కళ్ల వంతు రాగానే చార్టు చదివించి టిక్కు పెట్టేసేవాళ్లు. చుక్కల మందు వేసి, కంటిపాపని పెద్దది చేసి, రెటీనా అంచులదాకా చూసే పరీక్ష ఒక్కచోట కూడా లేదు. ఆ పరీక్ష తర్వాత కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది, బండి నడపకూడదు. అంటే ఒక పూట లీవు. రిలీజు ఉందనో, క్లయింటు కాల్ ఉందనో మనం ఏళ్ల తరబడి వాయిదా వేసేది ఈ ఒక్క పూటనే. చిరుగు ముందే కనబడితే చాలాసార్లు లేజరుతో సరిపోతుంది. ఊడాక ఆపరేషనే, అప్పుడు కూడా పాత చూపు మొత్తం వస్తుందన్న హామీ లేదు.

పైగా రెటీనా ఊడేటప్పుడు నొప్పి పుట్టదు. ఉన్నట్టుండి నల్లచుక్కలు గుంపుగా తేలినా, పక్కనుంచి మెరుపులు మెరిసినా, చూపుకి అడ్డంగా నీడ తెరలా దిగినా, ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. సోమవారం దాకా ఆగడం కాదు. వరంగల్లోనే ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది, హైదరాబాదులో 1987 నుంచి ఎల్వీ ప్రసాద్ ఉంది.

పవరు మైనస్ ఆరు దాటినవాళ్లకి ఈ పరీక్షని చెకప్‌లో చేర్చమని మన హెచ్ఆర్ వాళ్లని అడుగుదాం. వాళ్లు చేర్చేదాకా మన లీవు మనమే పెడదాం. కంపెనీ మారితే లాప్‌టాప్ కొత్తది ఇస్తారు, కళ్లు ఇవ్వరు కదా!

ఇంతకీ మీ పవరెంత? చుక్కల మందు చివరిసారి ఎప్పుడు వేయించుకున్నారు?