డిశ్చార్జి అయ్యాక ఏమైంది?

మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరంలో 1915లో క్షయ శానటోరియం తెరిచేనాటికి మంచిగాలి, విశ్రాంతి, పుష్టికరమైన తిండే వైద్యం. ఆ చుట్టుపక్కల సీమ పల్లెల్లోనే 1950ల్లో బీసీజీ టీకా వేసినవాళ్లనూ వేయనివాళ్లనూ ఏళ్ల తరబడి కనిపెట్టి చూశారు. 1956లో మద్రాసులో మొదలైన పరిశోధన ఇంకా ముందుకెళ్లింది: పేద క్షయరోగుల్లో సగం మందిని శానటోరియంలో, సగం మందిని ఇళ్లలోనే ఉంచి ఏడాదిపాటు ఒకే మందులిచ్చారు. ఇరుకిళ్లలో, చాలీచాలని తిండితో ఉన్నవాళ్లకూ దాదాపు అంతే బాగా నయమైంది. ఇందులో నాకు మందుకన్నా గొప్పగా తోచేది, రోగి గడప దాకా వెళ్లి ఫలితం కొలిచిన ఆ ఓపిక. కానీ ఈరోజు అహోబిలంలో గుండెపోటు వస్తే ఆళ్లగడ్డ దాటి నంద్యాలకో కర్నూలుకో పరుగెత్తాలి. స్టెంటు వేసి ఇంటికి పంపడంతో ఆస్పత్రి లెక్క ముగిసిపోతుంది. ఏడాది తర్వాత ఆ మనిషి బీపీ మాత్ర వేసుకుంటున్నాడా, సేద్యానికి పోగలుగుతున్నాడా? నల్లమల గూడేల్లో క్షయ మందుల కోర్సు ముగించిన చెంచులకు కొండెక్కితే ఊపిరి ఆడుతోందా? పరిశోధకులు ఈ ప్రశ్నలనే ప్రధాన ఫలితాలుగా మొదట్లోనే రాసుకోవాలి. జవాబు కోసం ఊరూరా తిరిగే ఆశా కార్యకర్తకు దారి ఖర్చులూ వేతనమూ పరిశోధన బడ్జెట్‌లోనే చూపాలి.